చలి పెట్టాలా, వద్దా?

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నే బాల్కనీలోంచి అత్తయ్య కేకేశారు. "అమ్మాయ్, నీ ఆర్కిడ్‌కి చీమలు పట్టాయి. మందు చల్లెయ్యనా?"

కాఫీ అక్కడే పెట్టి పరిగెత్తాను. నిజమే, ఒక కాడ వెంట చీమలు బారు కట్టి పైకి పోతున్నాయి. పిండినల్లి పట్టిందేమోనని ముందు ఆకుల వెనక చూశాను. ఏమీ లేదు. కాడ కొసన, ఆఖరి ఆకు పక్కనుంచి బెత్తెడు రెమ్మ ఒకటి బయటికొచ్చి ఉంది. దాని నిండా చిన్న చిన్న మొగ్గలు, మొగ్గల కింద తీపి జిగురు బొట్లు. చీమలొచ్చింది వాటికోసమే. మొగ్గ దశలో చాలా ఆర్కిడ్లు ఇలా జిగురు కారుస్తాయి, అదేం తెగులు కాదు.

"మందు వద్దత్తయ్యా, పూస్తోంది" అన్నాను. ఆవిడ నమ్మలేదు. లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశారు.

ఈ మొక్క మేం కొన్నది కాదు. పై ఫ్లాట్ వాళ్ళకి బదిలీ అయితే, లారీలో పట్టని సామాన్లతో పాటు దీన్నీ మాకిచ్చి వెళ్ళారు. కుండీకి చీటీ లేదు. ఏ రకమండీ అంటే "ఆర్కిడ్ అండీ" అన్నారు. నర్సరీ వాళ్ళు కూడా అంతే. మామిడి అంటుకి రకం పేరు చెప్పి మరీ అమ్మేవాళ్ళు, దీని దగ్గరికొచ్చేసరికి ఆర్కిడ్ అని ఊరుకుంటారు. పిట్టను చూపించి ఇది పక్షి అని చెప్పినట్టు! పనికొచ్చే మాట చెప్పింది ఆ ఇంటి పాప ఒక్కతే: "ఊదా రంగు పూలాంటీ, మధ్యలో తెల్లగా ఉంటాయి."

పొడుగాటి కాడలున్నాయి కాబట్టి ఫాలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ కాదని నాకే తెలిసింది. దానికి ఇలాంటి కాడలుండవు, వెడల్పాటి ఆకులు అడుగునుంచే వస్తాయి. ఇది డెండ్రోబియం. అసలు చిక్కు ఆ తర్వాతే. ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే డెండ్రోబియాలు రెండు తరహాలు. ఒకటి నోబిలె. సిక్కిం రాష్ట్ర పుష్పం అదే, హిమాలయాల దిగువ కొండల మొక్క. దానికి చలికాలంలో నీళ్ళు బాగా తగ్గించి, ఎరువు ఆపేసి, చల్లటి రాత్రుల్లో వదిలెయ్యాలి. అలా కాకుండా ముద్దు చేస్తే పూలు రావు, కణుపుల దగ్గర పిల్లమొక్కలు లేస్తాయి. రెండోది డెన్‌ఫాల్ అంటారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన పెరిగే బిగిబ్బమ్ అనే డెండ్రోబియం రక్తం ఉన్న సంకరాలు. వాటికి వేడి కావాలి, రాత్రిపూట 15 డిగ్రీల కంటే దిగితే మొహం మాడ్చుకుంటాయి. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు అంతకంటే కిందికే పోతాయి. మరి బాల్కనీలో వదలాలా, ఇంట్లో పెట్టాలా? ఒకదానికి వైద్యం అనుకున్నది ఇంకోదానికి జబ్బు. పోయిన చలికాలం నా టెన్షన్ అంతా ఇదే.

కడియం నర్సరీల్లో పనిచేసే మా బాబాయ్‌కి ఫోటోలు పంపాను, అన్నీ ఆకులవే. వెంటనే ఫోన్ చేశాడు. "ఆకులెందుకమ్మా? పాత కాడ తలకాయ తీసి పంపు." తీశాను. కాడ కొసన ఎండిన పుల్ల ఒకటి కనిపించింది. "అదిగో, పోయినసారి పూలగెల వచ్చింది అక్కడే. నోబిలె అయితే కాడ పొడుగునా కణుపుల దగ్గర గుత్తులు గుత్తులుగా పూసేది. ఆకులు కూడా పైపైనే ఉన్నాయి, దళసరిగా. ఇది డెన్‌ఫాలే. లోపల పెట్టు, వణికించకు."

మరి రకం పేరేంటంటే నవ్వాడు. ఊదా, తెలుపు అంటే సోనియా అనే సంకరం అయ్యుండొచ్చట. రిసెప్షన్ స్టేజీల మీద, బొకేల్లో కనిపించేవి చాలావరకు ఆ తరహావే. కానీ ఆ రంగుల్లో సంకరాలు బోలెడున్నాయి. లండన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళ రిజిస్టర్‌లో ఆర్కిడ్ సంకరాలు లక్ష దాటాయి. చీటీ పోయిన మొక్కకి ఫోటో చూసి పేరు పెడితే అది ఊహే అవుతుంది. నాకైతే ఆ పేరు తెలియకపోయినా లోటనిపించలేదు. చలి పెట్టాలో వద్దో తేలింది, అది చాలు.

మిగతా పని పెద్దదేం కాదు. కుళ్ళిన కొబ్బరిపొట్టు తీసేసి బొగ్గు, ఇటుక ముక్కలు వేశాను. తూర్పు వైపు గ్రిల్‌కి వేలాడదీసి, నడినెత్తి ఎండకి షేడ్ నెట్ కట్టాను. ముదురాకుపచ్చగా ఉన్న ఆకులు నిమ్మపచ్చకి తిరిగితే వెలుతురు సరిపోయినట్టు. ఆ ముదురు రంగు చూసి మురిసిపోతాం గానీ, నీడ ఎక్కువైందనడానికి అదే గుర్తు. బోరు నీళ్ళు పోస్తే బొగ్గు మీద తెల్లగా ఉప్పు పేరుతోంది, అందుకని ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. వానాకాలంలో కొత్త కాడ లేచినప్పటి నుంచి వారానికోసారి 19:19:19 ఎరువు, లీటరు నీళ్ళకి అర గ్రాము. వేరు తెల్లబడ్డాకే మళ్ళీ నీళ్ళు. తడిగా ఉన్నంతసేపూ పచ్చగా ఉంటుంది, ఆరితే వెండి రంగుకి తిరుగుతుంది.

ఎక్కువ కష్టమైంది అత్తయ్య చేతిలో కత్తెరని ఆపడం. ఆకులు రాలిపోయిన కాడల్ని "ఎండుపుల్లలు" అంటారు ఆవిడ. అవి గట్టిగా ఉన్నన్నాళ్ళూ మొక్కకి నీళ్ళు, తిండి దాచిపెట్టేది వాటిలోనే. ఒక్కోసారి వాటికీ పూలగెల వస్తుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా తలూపుతారు, పండగ ముందు ఇల్లు సర్దేటప్పుడు మళ్ళీ కత్తెర తీస్తారు.

ఇవాళ మాత్రం ఆవిడ ఉత్సాహమే వేరు. సాయంత్రం మొగ్గలు లెక్కపెట్టి, కార్తీకపౌర్ణమికి విచ్చుకుంటాయా అని అడిగారు. విచ్చుకోవచ్చు గానీ కోయకండి, చెట్టుకే ఉంచితే వారాల తరబడి నిలుస్తాయన్నాను. "కోయనులే. కుండీనే దేవుడి గదిలో పెట్టేద్దాం" అన్నారు. మా దేవుడి గదికి కిటికీ లేదు. పైగా మొగ్గల మీదున్నప్పుడు చోటు మారిస్తే రాలిపోతాయని బాబాయ్ ముందే హెచ్చరించాడు. ఈ మాట అత్తయ్యకి ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను. మా ఆయనని చెప్పమంటే "మీరూ మీరూ చూసుకోండి" అని టీవీ పెట్టుకున్నారు.