ఇంటిల్లిపాదికీ 16

మన నర్సింగ్ బ్యాచ్ ఆన్‌లైన్ చదువు గురించి ఒక పేజీ రాయమని సంచిక కమిటీ వారు అడిగారు. హాస్టల్ మెస్ గురించి అడిగి ఉంటే ఒక్క పేజీకి ఆగేదాన్ని కానని వారికీ తెలుసు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హన్మకొండ నుంచి అందరం ఊళ్లకు చేరినప్పుడు, ఫోనులో నర్సింగ్ ఏమిటని వెనుక బెంచీ త్రయం నవ్వింది, పొద్దున్నే బస్సు పట్టుకునే బాధ తప్పిందని పరకాల జట్టు సంబరపడింది. ఏటూరునాగారం వైపు వారు మాత్రం, సిగ్నల్ దొరికే గట్టెక్కి, తమ్ముడి క్లాసు అయ్యాక మిగిలిన డేటాతో పాఠం వింటూ, ఏ వాదనలోనూ చేరలేదు. టెక్నాలజీ పట్ల విద్యార్థుల వైఖరి ఏమిటని అడిగేవారు, ముందుగా ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయో అడగాలని నేను ఇప్పటికీ అంటాను.

నర్సింగ్ ఫండమెంటల్స్ చెప్పే మేడంకు ఆ ఫోనంటే నమ్మకం లేదు, అయినా వదల్లేదు. బీపీ పాఠం రోజున స్టెతస్కోపు చెవిగొట్టాన్ని మైకుకు ఆనించి, బీపీ కొలిచేటప్పుడు రక్తనాళంలో పుట్టే కొరొట్‌కాఫ్ శబ్దాలు వినిపించబోతే, ఉచిత జూమ్ 40 నిమిషాలకు తెగిపోయింది. బీపీలో కింది అంకె దాకా రాకముందే తెగడంతో, 'డయాస్టొలిక్ రేపు' అనే మన బ్యాచ్ మాట అక్కడే పుట్టింది. మరునాడు ఆమె పద్ధతే మార్చి, ఇంట్లో అందరి శ్వాసనూ వారికి తెలియకుండా నిండు నిమిషం లెక్కించి రాయమన్నారు. చెప్పి లెక్కిస్తే శ్వాస మారిపోతుంది కదా. "ఏందే, నన్నట్ల చూస్తున్నవ్?" అని మా నాయనమ్మ కసిరింది. లెక్కించకుండానే ఇంటిల్లిపాదికీ 16 వేసి పంపినవారెవరో ఇక్కడ రాయను.

రెండో, మూడో సంవత్సరాల సంగతులు మిగతావారు రాస్తారు.

ఇప్పుడు ములుగు జిల్లాలోని ఒక ఉపకేంద్రం నుంచి ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో వైద్య సేవలో రోగులను డాక్టర్లకు చూపించడం నా పనిలో భాగం. పోయిన వానాకాలం రెండేళ్ల పాపను తెచ్చినప్పుడు, తెర మీద బొమ్మ ఆగి ఆగి వస్తుండగా డాక్టరు గారు శ్వాస ఎంతని అడిగారు. తల్లి ఒడిలో నిద్రపోతున్న పాపను చూస్తూ లెక్కపెట్టి, 48 అనీ, డొక్కలు ఎగరేస్తోందనీ చెప్పాను. ఆ వయసుకు 40 చేరితేనే వేగం కనుక ఆయన వెంటనే పెద్దాసుపత్రికి పంపమన్నారు. 108 వచ్చింది, పాప కోలుకుంది. ఆ సంగతి మేడంకు ఫోను చేసి చెబితే, "నిండు నిమిషం లెక్కపెట్టినవా, అరనిమిషాన్ని రెట్టింపు చేసినవా?" అని అడిగారు.