పాత డ్రిల్లింగ్ మిషను కొన్నాక ముందుగా కొనవలసినవి

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు ఖాళీ చేస్తున్న ఒక యజమాని దగ్గర 13 మి.మీ. వరకు బిట్టును (రంధ్రం తొలిచే ముల్లును) పట్టే చక్కు ఉన్న పాత బెంచి డ్రిల్లింగ్ మిషను కొన్నాను. ఇలాంటివి కొనేవారు మోటారు గురించీ బేరింగుల గురించీ గుచ్చి గుచ్చి అడుగుతారు గానీ, రంధ్రం వేయవలసిన ముక్కను దేనితో పట్టి ఉంచాలన్నది చివరిదాకా ఆలోచించరు. బేరంలో మిగిలిన డబ్బు రంగులకు కాక వైసుకు (ముక్కను దవడల మధ్య బిగించే సాధనం), క్లాంపులకు (ముక్కను టేబుల్‌కు అదిమి పట్టే బిగింపులు) పోవాలన్నది నా అభిప్రాయం.

మిషను పరీక్షకు ఎక్కువ సేపు పట్టదు. బెల్టు తీసి స్పిండిల్‌ను (చక్కును తిప్పే ఇరుసును) చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి. చక్కును పట్టుకొని పక్కకు ఊపితే ఆట (వదులు) తెలియకూడదు. చక్కులో తిన్నని కడ్డీ బిగించి నెమ్మదిగా తిప్పినప్పుడు దాని కొన వంకరగా తిరిగితే, తప్పు చక్కుదైతే మార్చుకోవచ్చు, స్పిండిలే వంగి ఉంటే ఆ మిషను జోలికి పోకపోవడం మంచిది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో, తలను మోసే స్తంభం మీద తుప్పు లేని పాత మిషను దొరకడం అరుదు; పైపై తుప్పు కిరసనాయిలు, ఎమిరీ కాగితంతో పోతుంది, ఆ తరువాత పని ముగిసిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి. తల బరువైన యంత్రం కనుక బల్లకు బోల్టులతో బిగించాలి, ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకే కలపాలి.

ఇక అసలు సంగతి. ప్రమాదం ఎక్కువగా రంధ్రం మొదట్లో కాదు, బిట్టు అడుగు నుంచి బయటపడే క్షణంలో ఉంటుంది. అక్కడ మిగిలిన పలుచని లోహం తెగకుండా బిట్టు గాడిలోకి ఎక్కి, ముక్క మొత్తాన్ని బిట్టుతోపాటు తిప్పేస్తుంది. అంతవరకు చేత్తో పట్టుకున్న ఇనుప పట్టీ ఆ క్షణంలో కత్తిలా తిరుగుతుంది, ఏ మనిషి పట్టూ దాన్ని ఆపలేదు. అందుకే అడుగుకు చేరుతున్నప్పుడు పిడి మీద ఒత్తిడి తగ్గించాలి.

బిట్టు పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కనుక, పొడవాటి పట్టీని దాని ఎడమ కొస స్తంభానికి ఎడమ పక్కన ఆనేలా పెడితే, ఒకవేళ జారినా స్తంభానికే తగిలి ఆగుతుంది. ఇది అదనపు జాగ్రత్త మాత్రమే, బిగింపుకు బదులు కాదు. చిన్న ముక్కలను వైసులో బిగించి, ఆ వైసును కూడా టేబుల్ గాడుల్లో బోల్టులతో కట్టాలి. వైసు బరువే చాలునని అనుకునేవారు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. పట్టీ క్లాంపు వాడితే, దాని వెనుక కొస కింద పెట్టే దిమ్మె పనిముక్క కంటే కాస్త ఎత్తుగా, బోల్టు దిమ్మె కంటే ముక్కకు దగ్గరగా ఉండాలి, లేకుంటే బలమంతా దిమ్మె మీదికే పోతుంది. గుండ్రని కడ్డీకి వి-బ్లాకు (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మె), పలుచని రేకుకు కింద చెక్కముక్క తప్పనిసరి.

చేతి తొడుగులు ఇక్కడ రక్షణ కాదు, బిట్టుకు చుట్టుకుంటే చేతినే లాక్కుపోతాయి. వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు, విరబోసిన జుట్టు కూడా అంతే. రక్షణ కళ్లద్దాలు మాత్రం ఉండాలి. చక్కును బిగించే కీని, బిట్టు బిగించిన వెంటనే తీసివేయాలి.

వేగం విషయానికి వస్తే, మైల్డ్ స్టీలుకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టు అంచు నిమిషానికి సుమారు 25 మీటర్లు కదిలితే చాలు. ఆ లెక్కన 6 మి.మీ. బిట్టుకు నిమిషానికి దాదాపు 1,300 చుట్లు, 12 మి.మీ. బిట్టుకు 650 చుట్లు. పాత మిషన్లలో బెల్టు చాలాసార్లు వేగం ఎక్కువ ఉన్న పుల్లీ మెట్టు మీదే ఉండిపోతుంది, కాబట్టి పెద్ద రంధ్రానికి ముందు ప్లగ్గు తీసి బెల్టును తక్కువ వేగం ఉన్న మెట్టుకు మార్చుకోవాలి.