మనలో మాట అంటూ మొదలయ్యే సాయంత్రాలు

మా ఆఫీసులో నాలుగున్నరకు టీ వస్తుంది. అనంతపురం సుభాష్ రోడ్డు పక్క సందులో, మేడ మీద, డ్రిప్పు పైపులు, స్ప్రింక్లర్లు అమ్మే చిన్న సంస్థ మాది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే జిల్లా కాబట్టి పనికి కొదవ లేదు. పదహారు మందిమి ఉన్నాం. జీతాలు, సెలవులు, పీఎఫ్ లెక్కలు పదకొండేళ్లుగా నేనే చూస్తున్నాను.

టీ గ్లాసులు పంచడం అయిందో లేదో సార్ గదిలోంచి నాకు పిలుపు వచ్చేది. వెళ్లగానే ఆయన లేచి అద్దాల తలుపు మూసేవారు. కూర్చుని పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, గొంతు తగ్గించేవారు. "మనలో మాటమ్మా..." ఆ తర్వాత ఎవరి అప్పో, ఎవరి మొగుడి తాగుడో, ఎవరి కొడుకు ఇంటర్ తప్పిన సంగతో. మొదట్లో నాకది గౌరవంగానే అనిపించింది. ఇంతమందిలో నన్ను నమ్మి చెబుతున్నారు కదా అనుకున్నాను. వింటూ తలూపేదాన్ని. గోదాము చూసే అన్న మూడు నెలల్లో రెండుసార్లు జీతం అడ్వాన్సు అడిగాడని ఒకసారి నేనూ ఒక ముక్క కలిపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

ఆయన చెడ్డమనిషి అని రాసేసి చేతులు దులుపుకోలేను. మా అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు అడగకుండానే డబ్బు చేతిలో పెట్టారు. ఆ డబ్బు సంగతీ ఆఫీసంతా తెలుసని నాకు చాలా తర్వాత తెలిసింది.

2023 ఫిబ్రవరిలో, బిల్లింగ్ చూసే అమ్మాయికి మూడో నెలలో గర్భం పోయింది. ఆసుపత్రి నుంచి పుట్టింటికి వెళ్తూ దారిలో ఆఫీసుకు వచ్చింది. వాళ్లమ్మ కింద ఆటోలో కూర్చుని ఉంది. నాలుగు మడతలు పెట్టిన డిశ్చార్జి కాగితం నా చేతిలో పెట్టి, "అక్కా, ఎన్ని రోజులు సెలవు పెట్టుకోవచ్చో మీరే చూడండి" అంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఆమె జీతం ఇరవై ఒక్క వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా పథకం వర్తించలేదు. అప్పటికి అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, గర్భం పోయిన మరుసటి రోజు నుంచి 6 వారాలు జీతంతో సెలవు ఇవ్వాలి. అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పది మంది, అంతకుమించి పనిచేసే దుకాణాలకూ ఇది వర్తిస్తుంది. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు, చాలామంది ఆడపిల్లలకు తెలియక వారం రోజులకే పనిలోకి వచ్చేస్తారు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వచ్చినా ఆ ఆరు వారాలు అలాగే ఉన్నాయి. రుజువు కాగితం మాత్రం చూపించాలి.

ఆ రుజువును సెలవు అర్జీకి పిన్ను కొట్టి, ఫైలు సార్ బల్ల మీద పెట్టాను. సంతకం కోసం ఎప్పుడూ అలాగే పెడతాను. ఏమీ ఆలోచించలేదు.

ఆ సాయంత్రమే తలుపు మూసుకుంది. "మనలో మాటమ్మా, ఆ పిల్ల ఒంట్లో ముందునుంచీ ఏదో లోపం ఉండి ఉంటుంది. మళ్లీ కడుపొస్తే మళ్లీ సెలవంటుంది. ఇంకో మనిషిని చూసి పెట్టుకుందాం." నా చేతిలో టీ గ్లాసు ఉంది. నేను తాగుతూనే ఉన్నాను. ఒక్క మాట అనలేదు.

ఆరు వారాలకు ఆమె తిరిగి వచ్చింది. మొదటి రోజే గోదాము అన్న కొబ్బరి బోండం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పాపం, మంచి మనసుతోనే. వ్యాన్ డ్రైవరు ఏదో ఊళ్లో తాయెత్తు కట్టించుకోమని చెప్పాడు. ఆమె బోండం ముట్టుకోలేదు. మధ్యాహ్నం రిజిస్టర్లు ఉండే బీరువా దగ్గర నేను ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి నిలబడింది.

"అక్కా, కాగితం మీ చేతికే కదా ఇచ్చాను?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో. "నేనే సార్ బల్ల మీద పెట్టాను. ఆయన నాతో నీ గురించి మాట్లాడినప్పుడు వింటూ కూర్చున్నాను. ఆపలేదు" అన్నాను. ఆమె బీరువా తలుపు మీద వేలి గోటితో పెయింటు గీకుతూ కాసేపు ఉండి, తన చోటికి వెళ్లిపోయింది. ఆ రోజంతా బిల్లులు ఒక్క తప్పు లేకుండా కొట్టింది.

సాయంత్రం గోదాము అన్నను అడిగాను, నీకెవరు చెప్పారని. "సారే. మనలో మాట అన్నారు" అన్నాడు. డ్రైవరుకూ అదే మాట. ఒక్కొక్కరం మనమే ఆయనకు కావలసినవాళ్లం అనుకుంటూ ఒక్కో మూట మోస్తున్నాం. అన్న కాస్త ఆగి, "నీ తమ్ముడి విడాకుల సంగతి కూడా నాకు తెలుసమ్మా" అన్నాడు తల దించుకుని. అది నేను సార్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మరునాటి నుంచి టీకి వెళ్లేటప్పుడు చేతిలో ఫైలు పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. కూర్చోకుండా నిలబడే మాట్లాడేదాన్ని. రెండో రోజో మూడో రోజో ఆయన ఫీల్డు కుర్రాడి గురించి మొదలుపెట్టారు. రాత్రంతా మనసులో కూడబలుక్కున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "సార్, అతన్నే పిలుస్తాను, అతని ముందే మాట్లాడుకుందామా?" చేతులు వణుకుతున్నాయని ఫైలు గుండెకు అదుముకున్నాను. ఆయన పెన్ను మూత పెట్టేసి, "అక్కర్లేదులే, పీఎఫ్ చలానా సంగతి చూడు" అన్నారు.

ఇంకో రెండుసార్లు అదే మాట అనవలసి వచ్చింది. తర్వాత సాయంత్రం పిలుపులు ఆగిపోయాయి. నాకు పొగరెక్కిందని ఆయన డ్రైవరుతో అన్నట్టు తెలిసింది. ఆ ఏడాది అందరికంటే నాకే జీతం తక్కువ పెరిగింది. బాధ పడ్డాను, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. అయినా మళ్లీ ఆ కుర్చీలో కూర్చుని టీ తాగాలనిపించలేదు.

ఒక పని మాత్రం పట్టుబట్టి సాధించాను. డాక్టరు కాగితాలేవీ ఇప్పుడు సంతకానికి వెళ్లవు. "రుజువు చూశాను, ఇన్ని రోజుల సెలవుకు అర్హత ఉంది" అని నేను ఒక్క ముక్క రాస్తాను, దాని మీదే సార్ సంతకం. కాగితం చూడాలని ఆయన ఒకసారి అడిగారు. జీతం లెక్కకు నేను చూస్తే సరిపోతుంది సార్ అన్నాను. ఒకటికి రెండుసార్లు నా వైపు చూసి సంతకం పెట్టారు.

ఆ అమ్మాయి నాతో మాట్లాడుతుంది. పని వరకే. పోయిన నెల వాళ్ల నాన్న ఆపరేషన్‌కు సెలవు కావాలని వచ్చింది. కాగితాలు కవర్లో పెట్టి, అంటించి, అంటించిన చోట సంతకం చేసి, దాని మీద సెల్లోటేపు కూడా వేసి తెచ్చింది. "మీరు చూశాక మళ్లీ ఇలాగే అంటించండి" అంది. ఆమె ఎదుటే విప్పి చూసి, ఆమె ఎదుటే అంటించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళం పడిన చప్పుడు వినేదాకా ఆమె అక్కడే నిలబడింది.