క్రాన్‌లో 36 పాటలు ఒక్కటైపోవడం: కారణం దొరికింది

దొరికింది! నాలుగు రాత్రులు పట్టింది.

అమ్మమ్మ క్యాసెట్ల నుంచి ఎక్కించిన 36 వేవ్ ఫైళ్లను ఫ్లాక్‌లోకి (నాణ్యత పోకుండా చిన్నదయ్యే ఆడియో రూపం) మార్చి, కారు ప్లేయర్ తెరలో పట్టేలా పేరును 20 అక్షరాలకు కుదించే బ్యాష్ (లైనక్స్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) స్క్రిప్ట్ ఇది. టెర్మినల్లో నేను నడిపితే 36 ఫైళ్లు వస్తాయి. రాత్రి 2:15కి క్రాన్ (పెట్టిన వేళకి పనుల్ని దానంతటదే నడిపేది) నడిపితే ఒకే ఒక్కటి. లాగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు. ఆ ఒక్క ఫైలూ పెట్టి వింటే 36వ పాట!

ముందు పాత్ (ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా) మీద అనుమానపడి, ఆడియో మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి పూర్తి దారి రాశాను. మారలేదు. రెండు జాబ్‌లు ఢీకొంటున్నాయేమోనని ఒకసారికి ఒక్కటే నడిచేలా ఎఫ్‌లాక్ పెట్టాను. అదీ కాదు.

చివరికి ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) చూపిన పేరును జాగ్రత్తగా చదివాను. "అమ్మమ్" తర్వాత 340, 260 అని రెండు ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే) సంఖ్యలు. "మ"కి ఉండే మూడు బైట్లలో మొదటి రెండూ అవే. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు కోడ్, అంటే అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు లాంటివి, ఒక్కొక్కటి 3 బైట్లు. "అమ్మమ్మ"లో పొల్లులతో కలిపి 7 కోడ్‌లు, అంటే 21 బైట్లు. క్రాన్ కింద బ్యాష్ అక్షరాలు కాక బైట్లు లెక్కపెట్టి, 20 దగ్గర చివరి "మ"ని మధ్యలో కోసేసింది. "అమ్మమ్మ పాట 01" నుంచి 36 దాకా అన్నీ ఒకే పేరై, ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. టెర్మినల్లో ఆ పేరు 14 కోడ్‌లే కాబట్టి కోతే పడలేదు.

టెర్మినల్లో, క్రాన్‌లో రెండు చోట్లా ఎన్వ్ (ప్రోగ్రామ్‌కి అందే సెట్టింగుల జాబితా) తీసి పోల్చాను. క్రాన్‌లో లాంగ్ (భాష, అక్షరాల పద్ధతి చెప్పే సెట్టింగు) లేనే లేదు. నేను వాడే డెబియన్ లైనక్స్‌లో క్రాన్ దాన్ని సిస్టమ్ డీఫాల్ట్ లొకేల్ (భాషా సెట్టింగులు) నుంచి తీసుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు నేను ఆ లొకేల్‌ని ఖాళీగా వదిలేశాను. టెర్మినల్లో ఉన్న లాంగ్ నా ల్యాప్‌టాప్‌ది, దూరం నుంచి ఆ మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మోసుకొచ్చింది. అందుకే నేను చూసినప్పుడల్లా అంతా బాగుండేది.

స్క్రిప్ట్ మొదట్లోనే, లాంగ్‌ని కూడా దాటి చెల్లే ఎల్‌సీ ఆల్ సెట్టింగుని సీ డాట్ యూటీఎఫ్-8గా ఎక్స్‌పోర్ట్ చేశాను. రాత్రి 36కి 36 వచ్చాయి.

క్రాన్ బదులు సిస్టమ్‌డీ టైమర్లకు (అదే పని చేసే మరో పద్ధతి) మారమంటారు చాలామంది. జర్నల్‌లో (సిస్టమ్ లాగ్ పుస్తకం) లాగ్ దానంతటదే పడడం బాగుంటుంది గానీ, ఒక్క పంక్తి పనికి రెండు ఫైళ్లు రాయడం నాకు నచ్చదు. ఇకపై కొత్త స్క్రిప్ట్ ఏదైనా ముందు ఎన్వ్ మైనస్ ఐతో ఖాళీ వాతావరణంలో నడిపి చూస్తాను. వచ్చే వారం రెండో క్యాసెట్, మంగళహారతులు. వాటి పేర్లు పొడుగు, ఈసారి 20 సరిపోదు.