రెండో చేతి బీపీ

పొద్దంతా బాగానే ఉండేదాన్ని. చీకటి పడితే చాలు, ఒళ్లు కాలిపోయేది. హనుమకొండలో టైఫాయిడ్ అన్నారు. కోర్సు అయిపోయినా జ్వరం పోలేదు. మలేరియా కాదు, డెంగీ కాదు, కళ్లె పరీక్షలోనూ ఏమీ లేదు. ఒంట్లో వాపు ఉంటే పెరిగే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష మాత్రం 100 దాటి కూర్చుంది.

చివరికి ఒక పెద్ద డాక్టరు పెట్ సీటీ రాశారు. "అది క్యాన్సర్ స్కాన్ కదా సార్" అన్నప్పుడు మా ఆయన గొంతు వణికింది. క్యాన్సర్ కణాలే కాదు, వాపు ఉన్నచోట చేరే తెల్లకణాలు కూడా గ్లూకోజ్‌ను ఎక్కువ లాక్కుంటాయట. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్ ఎక్కిస్తే అవి ఎక్కడ గుమిగూడాయో అక్కడ స్కాన్‌లో వెలుగుతుంది. వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెడితే ఆ వెలుగు తగ్గుతుంది, ముందే తీయించుకోండి అన్నారు.

కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లాం. ఆరు గంటలు పరగడుపు. వేలు గుచ్చి షుగర్ చూశాక, సీసపు తొడుగున్న సిరంజితో మందు ఎక్కించారు. గంటసేపు మసక గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఫోన్ వద్దు, మాటలూ వద్దు. కదిలితే కండరాలే ఆ గ్లూకోజ్‌ను లాగేసుకుంటాయి. ఆ మందులో సగం 110 నిమిషాల్లోనే క్షీణిస్తుందట, అయినా ఆ రోజంతా పాపను ఎత్తుకోవద్దన్నారు. స్కాన్ కన్నా అదే కష్టమైంది.

బొమ్మలో మెదడు, మూత్రాశయం వెలిగిపోతున్నాయి. అది మామూలేనట. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ, ఎడమ చేతికి పోయే దాని కొమ్మ గోడ కూడా వెలిగాయి. అది మామూలు కాదు. డాక్టరు బొమ్మ పక్కన పెట్టి రెండు చేతులకూ బీపీ చూశారు. ఎడమ చేతిలో 30 తక్కువ! అన్నాళ్లూ ఎంతమంది చూశారు, రెండో చేతికి పట్టీ కట్టినవాళ్లే లేరు. నేనే నాడి పట్టి చూసుకున్నాను. ఎడమ మణికట్టు దగ్గర దారప్పోగులా సన్నగా కొట్టుకుంటోంది.

టకయాసు ఆర్టిరైటిస్. కంటి రక్తనాళాల్లో తేడా చూసి 1908లో జపాన్ కంటి డాక్టరు మికితో టకయాసు చెప్పిన జబ్బు. ఇన్‌ఫెక్షన్ కాదు, ఒంట్లోని రక్షణ కణాలే నాళాల మీద పడటం. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకు వస్తుందట.

ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలైన కొద్ది రోజులకే జ్వరం దిగింది. మొహం ఉబ్బింది, ఆకలి ఆగడం లేదు. ఇప్పుడు ఆ రక్షణ కణాలను అణిచే మెథోట్రెక్సేట్ వారానికోసారి వేసుకుంటున్నాను, స్టెరాయిడ్ మెల్లగా తగ్గిస్తున్నారు. నా జ్వరం తగ్గాలని అమ్మ మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కింది. నా పళ్లెం చూసి నిన్న, "జాతర దాకా ఆగొద్దు బిడ్డా, ముందే పోదాం. నువ్వు తినేది చూస్తే బెల్లం ఎంత కొనాల్నో ఏమో" అంది.