పై ఇంటి బాత్రూం లీకేజీ, మా ఇంటి శ్లాబు: నాలుగు నెలల నా అనుభవం

నిన్న సాయంత్రం పెయింటర్ తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. నాలుగు నెలల తర్వాత మా బాత్రూంలో కింద బకెట్ లేదు. ఒళ్లు మండుతుండగానే రాసేయాలి, నెల పోతే నేనే మర్చిపోయి అందరితో మంచిగా మాట్లాడేస్తాను, అందుకే ఈ పొద్దున్నే కూర్చున్నాను.

మాది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కట్టి పదమూడేళ్లయింది, మేం రెండో అంతస్తు. మా వారి ఉద్యోగం కొత్తగూడెంలో, పదిహేను రోజులకోసారి వస్తారు. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇంట్లో ఉండేది నేనూ, ఇంటర్ చదివే మా పాపా.

జులైలో బాత్రూం కప్పుకి అరచేయంత చెమ్మ మచ్చ కనిపించింది. ఆగస్టుకి అది చాటంత అయ్యి, చుట్టూ తెల్లగా ఉప్పు పొంగింది. ఒక రాత్రి పదకొండింటికి పెద్ద చప్పుడు. పెచ్చు ఊడి కింద పడింది, రెండు కిలోలైనా ఉంటుంది. బకెట్ పగిలిపోయింది. పైన చువ్వలు ఎర్రగా తుప్పు పట్టి బయటికి కనిపిస్తున్నాయి. పాప స్నానం చేసి వచ్చి పావుగంట కూడా కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు తెలిసినవాళ్లు చెప్పారని ఒక ప్లంబర్‌ని పిలిచాను. ఐదు నిమిషాలు చూశాడు. పై ఇంట్లో టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ నింపితే చాలన్నాడు. 6,500 తీసుకున్నాడు. తొమ్మిది రోజులు ఆగి మళ్లీ మొదలైంది. తర్వాత తెలిసింది, పై ఇంట్లో అద్దెకుండే అబ్బాయిలు ఆ తొమ్మిది రోజులూ ఊరెళ్లారట! దయచేసి, పైనా కిందా రెండు చోట్లా చూడకుండా రేటు చెప్పేవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

రెండోసారి వచ్చిన మేస్త్రీ పాలమూరు ఆయన, వయసు మళ్లిన మనిషి. ఆయనే నాకు అసలు సంగతి చెప్పాడు. బాత్రూం దగ్గర శ్లాబు మిగతా ఇంటికన్నా అడుగు వరకు దిగువన పోస్తారట. ఆ గుంతలోనే పైపులు వేసి, పైన ఇటుక ముక్కలు నింపి, దాని మీద టైల్స్ వేస్తారు. నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ కింద ఉండే గిన్నె, దాని దగ్గర జాయింట్ వదులైతే నీళ్లు ఆ గుంతలోకి దిగి తొట్టిలా నిలిచిపోతాయి. పైన ఎంత వైట్ సిమెంట్ పూసినా లోపల నిల్వ ఉన్న నీళ్లు ఎక్కడికి పోతాయమ్మా అన్నాడు. శ్లాబులో చువ్వలు తుప్పు పడితే ఉబ్బుతాయి, ఉబ్బి కాంక్రీటుని కిందికి నెట్టేస్తాయి, పెచ్చులు ఊడేది అందుకే. పైన కుళాయిలకొచ్చే వాల్వ్ ఒక పూట మూయించి చూశాడు, కింద చుక్కలు తగ్గలేదు. కాబట్టి నీళ్లొచ్చే పైపు కాదు, పోయే పైపే అన్నాడు. పైన మొత్తం పగలగొట్టి చేయాల్సిందే.

పైన అంటే మా ఇల్లు కాదు కదా. ఆ ఫ్లాట్ ఓనర్ డల్లాస్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే, "ఆంటీ, అది వాన నీళ్లేమో చూడండి" అన్నాడు. మా మీద ఇంకా మూడంతస్తులు ఉన్నాయి బాబూ, మధ్యలో బాత్రూంలోకి వాన ఎట్లా వస్తుంది అన్నాను. "చూద్దాం ఆంటీ" అని పెట్టేశాడు. ఆ చూద్దాంలోనే సెప్టెంబర్ అయిపోయింది.

ఇక అసోసియేషన్ మీటింగ్. ఇన్ని ఖర్చుల్లో నాకు గుర్తుండిపోయేది డబ్బు కాదు, ఆ ఆదివారం.

సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు. పద్నాలుగు మంది వచ్చారు, అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. లిఫ్ట్ మెయింటెనెన్స్ గురించి ముప్పావుగంట, వాచ్‌మన్ జీతం గురించి అరగంట మాట్లాడారు. నా విషయం వచ్చేసరికి సగం మంది లేచి నిలబడ్డారు. సెక్రటరీ, "మేడమ్, సార్ ఎప్పుడొస్తారు? సార్ వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. ఫ్లాట్ నా పేరు మీదే రిజిస్టర్ అయింది, మెయింటెనెన్స్ నెలనెలా నేనే కడుతున్నాను, నాతోనే మాట్లాడండి అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు, వాళ్ల అమ్మాయికి రెండేళ్లు ఊరికే ట్యూషన్ చెప్పాను.

అప్పుడు డల్లాస్ అబ్బాయికి వీడియో కాల్ కలిపారు. ప్రూఫ్ చూపించమన్నాడు. సరే అని ఎనిమిది మంది మగవాళ్లు మా ఇంటికొచ్చి బాత్రూం గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపల తీగ మీద నావీ పాపవీ లోబట్టలు ఆరేసి ఉన్నాయి, తీసేంత సమయం కూడా ఇవ్వలేదు. స్టూల్ ఎక్కి, సెక్రటరీ ఫోన్ చేత్తో పట్టుకుని కప్పుకి ఆనించి, కొంచెం ఇటు తిప్పండి ఆంటీ అంటే ఇటు, అటు అంటే అటు తిప్పుతూ నిలబడ్డాను. ఒక చుక్క సరిగ్గా నా చెంప మీద పడింది. అంతా చూసి అతను, "అది మా నీళ్లే అని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. పక్కనున్న ఇంకొకాయన, "గీజర్ ఎక్కువ వాడతారు కదా, ఆవిరికి అలాగే అవుతుంది" అన్నాడు. ఆవిరికి చువ్వలు తుప్పు పట్టి రెండు కిలోల పెచ్చు ఊడుతుందా! అయినా ఆ క్షణంలో నా నోరు పెగల్లేదు. క్లాసులో అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, నా ఇంట్లో నేనే దోషిలా స్టూల్ దిగాను. వాళ్లందరికీ మంచినీళ్లు కూడా ఇచ్చి పంపాను. తలుపేసుకున్నాక పాప నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఆ రాత్రే తట్టింది. ప్రూఫ్ కావాలంటే ప్రూఫే ఇద్దాం. బట్టలకు పెట్టే నీలిమందు పెద్ద సీసా కొన్నాను. పై అబ్బాయిలు నిజంగా మంచివాళ్లు, ఒప్పుకున్నారు. మేస్త్రీ నహానీ ట్రాప్ రంధ్రానికి గుడ్డ బిగించి, బాత్రూం నేలంతా రెండంగుళాల మేర నీళ్లు నింపి, ఆ సీసా మొత్తం కుమ్మరించాడు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి, అంటే 31 గంటలకి, మా కప్పులో తుప్పు పట్టిన చువ్వ పక్కనుంచి సన్నటి నీలి చార దిగింది. చూస్తుండగానే చివర చుక్క కట్టి, బకెట్‌లో పడి, తెల్లటి అడుగున నీలంగా విచ్చుకుంది. ఆ రోజు పేపర్ పక్కన పెట్టి వీడియో తీసి అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టాను. రెండు గంటలు ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత నాలుగో అంతస్తు ఆవిడ, "ఇంకేం ప్రూఫ్ కావాలి? రిపేర్ చేయించండి" అని రాసింది. ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

దాంతోపాటు రెండు పనులు చేశాను. మా అసోసియేషన్ బైలాస్, అంటే నియమావళి, తీసి మొత్తం చదివాను. ఒక ఫ్లాట్ వల్ల కింది ఫ్లాట్‌కి లీకేజీ వస్తే ఆ ఓనరే సొంత ఖర్చుతో బాగు చేయించాలని మా దాంట్లో స్పష్టంగా ఉంది. సెక్రటరీ అది ఎన్నడూ తెరిచి చూడలేదు. మీ బైలాస్ కాపీ ఇవాళే అడిగి తీసుకోండి. రెండోది, లాయర్ నోటీసు, 3,000. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందని ఆయనే చెప్పాడు, కానీ నోటీసు వెళ్లిన నాలుగో రోజుకి డల్లాస్ నుంచి ఫోన్ వచ్చింది. ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు, పని మాత్రం నన్ను దగ్గరుండి చేయించమన్నాడు.

ఇన్సూరెన్స్ గురించి కూడా చెప్పాలి. హోమ్ లోన్‌తో తీసుకున్న పాలసీ ఉంది కదా అని ఆశపడ్డాను. పైపు ఒక్కసారిగా పగిలి నష్టం జరిగితే వస్తుందట, నెమ్మదిగా దిగిన చెమ్మకి రాదట. కొత్త ఫ్లాట్ ఉన్నవాళ్లు మాత్రం రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 14వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు చెప్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మా బిల్డింగ్‌కి ఆ వయసు దాటిపోయింది.

పని మొదలయ్యాక కాంట్రాక్టర్ కొలతల దగ్గర నాకు దొరికిపోయాడు. టైల్స్ పని 280 చదరపు అడుగులని రాశాడు. బాత్రూం 8 బై 5. నేల 40. చుట్టుకొలత 26, గోడల ఎత్తు 7, అంటే 182. మొత్తం 222, తలుపు తీసేస్తే 205 కూడా లేదు. ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెప్తున్నదాన్ని, నాకు చెప్తాడా? అంతేకాదు, వాటర్‌ప్రూఫింగ్ కూడా మొత్తానికి లెక్క కట్టాడు, కోటింగ్ వేసేది నేలకీ గోడల మీద అడుగు ఎత్తు వరకే, అంటే 66 చదరపు అడుగులు. అక్కడే కూర్చోబెట్టి తిరగరాయించాను. అది నా డబ్బు కాదు, ఆ డల్లాస్ అబ్బాయిది. అయినా సరే, తప్పు లెక్క మీద నేను సంతకం పెట్టను. టైల్స్ వేయకముందు మళ్లీ రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడటం మర్చిపోకండి, తొందర పెడతారు, ఒప్పుకోవద్దు.

పైన అంతా అయ్యాక కూడా మా కప్పు నుంచి మూడు వారాలు చుక్కలు పడ్డాయి. ప్రాణం పోయినంత పనైంది. శ్లాబు పీల్చుకున్న నీళ్లు దిగుతున్నాయమ్మా, ఆరనివ్వండి అన్నాడు మేస్త్రీ. నిజమే, నాలుగో వారానికి ఆగింది. ఆ తర్వాతే చువ్వలకి వైర్ బ్రష్ కొట్టించి, తుప్పు పట్టకుండా మందు పూయించి, రిపేర్లకి వాడే మైక్రో కాంక్రీట్ వేయించాను. తుప్పు మీదే ప్లాస్టరింగ్ చేయించుకుంటే రెండేళ్లలో మళ్లీ ఊడుతుంది.

పైన ఖర్చు 78,400. అందులో అతను ఇప్పటికి 50,000 పంపాడు, మిగతాది నేనే కట్టాను. మా ఇంట్లో శ్లాబు ప్యాచ్, వైరింగ్, పెయింట్ కలిపి 31,600. పాప ఇంజనీరింగ్ ఫీజు కోసం వేస్తున్న లక్ష రూపాయల చీటీని 14,000 పోగొట్టుకుని పాడుకున్నాను. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ రాయబోయే పిల్ల, "పర్లేదమ్మా, ఫ్రీ సీటు తెచ్చుకుంటా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ 28,400 వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. బిల్లులు, నోటీసు కాపీ, బైలాస్‌లో ఆ పేజీ అన్నీ ఫైల్లో పెట్టుకున్నాను. మా వారు సెలవు పెట్టి వస్తానన్నారు. అవసరం లేదన్నాను.