దుబాయ్‌లో శ్రీరామనవమి

2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసినంత వాన 75 ఏళ్లుగా ఎవరూ చూడలేదట. రోడ్లు మునిగాయి, మా హైదరాబాద్ విమానం రద్దయింది. ఎటు చూసినా పెట్టెల మీద తలలు వాల్చిన జనమే.

అర్ధరాత్రి దాటాక అమ్మకు చెమటలు, వణుకు. మధుమేహం ఉన్న మనిషి, తిండి సమయం తప్పింది. నా చేతులూ వణుకుతున్నాయి. వరుసలో మా ముందున్న మలయాళీ అమ్మాయి నర్సట. తన సంచిలోని గ్లూకోమీటర్ తీసి అమ్మ వేలు గుచ్చింది. చక్కెర 58కి పడిపోయింది! "ముందు ఏదైనా తీపి పెట్టండి" అంటుండగానే, పెషావర్ వెళ్లాల్సిన ఒక పెద్దాయన మనవళ్లకని కొన్న ఖర్జూరాల డబ్బా చించి అమ్మ ఒళ్లో పెట్టాడు. మొహమాటపడితే ఉర్దూలో నన్నే కసిరాడు. అంత కమ్మని తిట్టు నేనెప్పుడూ తినలేదు.

కాస్త తేరుకోగానే అమ్మకు నవమి గుర్తొచ్చింది. పానకం లేదు, వడపప్పు లేదు. ఒక ఖర్జూరం రాముడికి చూపించి, ప్రసాదమంటూ ఆ పెద్దాయనకే ఇచ్చింది. ఆయన బిస్మిల్లా అని నోట్లో వేసుకున్నాడు.

వాళ్లిద్దరినీ రాముడే పంపాడని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇలాంటి మాటలకు వాదన పెట్టుకునే నేను ఈ ఒక్క విషయంలో ఆమె జోలికి వెళ్లను.